గుర్రంతో మొదలయ్యే కార్ల కథ

లిఫ్టు పై అంతస్తుకు చేరి ఆగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి. కార్ల మ్యూజియమే కదా, ఎదురుగా ధగధగలాడే బండేదో కనిపిస్తుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడున్నది మాత్రం ఓ గుర్రం! దాని దగ్గర ఒక మాట రాసి ఉంటుంది. తన నమ్మకం గుర్రం మీదేననీ, మోటారు బండి నాలుగు రోజుల ముచ్చటేననీ దాని సారాంశం. జర్మనీ ఆఖరి చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ అన్నాడని చెబుతారు. ఆ జోస్యం ఏమైందో తెలియాలంటే అక్కణ్నుంచి కిందికి దిగుతూ పోవాలి. తొమ్మిది అంతస్తులు, 160 వాహనాలు, 130 ఏళ్ల పైచిలుకు చరిత్ర.

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఉన్న మెర్సిడెస్ బెంజ్ మ్యూజియం ఇది. మనవాళ్లకు ఆ పేరు కొత్తేం కాదు. పెద్దింటి పెళ్లికి ఎవరెవరు వచ్చారో చెప్పేటప్పుడు ‘బెంజి కార్లో దిగాడు’ అంటే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు. విజయవాడలోనైతే ఏకంగా ఓ కూడలికే బెంజ్ సర్కిల్ అన్న పేరు స్థిరపడిపోయింది. అలాంటి బెంజి పుట్టిల్లు ఎలా ఉంటుందో చూడాలని కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఉండటంలో ఆశ్చర్యమేముంది? పైచదువులకో ఉద్యోగానికో జర్మనీ వెళ్లిన తెలుగు కుర్రాళ్లకు ఇదేమంత కష్టం కాదు. స్టుట్‌గార్ట్‌లో ఎస్1 లోకల్ రైలెక్కి నెకార్‌పార్క్ స్టేషన్లో దిగితే, అక్కణ్నుంచి నడిచి వెళ్లొచ్చు. పక్కనే ఫుట్‌బాల్ స్టేడియం. ఆ దగ్గర్లోనే కంపెనీ పాత కర్మాగారం.

దూరం నుంచే భవనం కళ్లను కట్టిపడేస్తుంది. 2006 మేలో ప్రారంభమైన దీన్ని నెదర్లాండ్స్‌కు చెందిన యూఎన్ స్టూడియో రూపొందించింది. ఎత్తు 47.5 మీటర్లు. డీఎన్ఏ బొమ్మలో రెండు పోగులు పెనవేసుకుని ఉంటాయి చూడండి, లోపలి దారులూ అలాగే ఉంటాయి. ఒక దారి ఏళ్ల వరసలో చరిత్ర చెబుతుంది. వీటిని ‘లెజెండ్’ గదులంటారు, మొత్తం ఏడు. రెండోది ప్రయాణికుల బండ్లు, సరకు బండ్లు, ప్రముఖుల బండ్లు... ఇలా రకాల వారీగా పెట్టిన ఐదు ‘కలెక్షన్’ గదుల మీదుగా వెళ్తుంది. ఒక దారిలోంచి మరో దారిలోకి మధ్యలో మారిపోవచ్చు. గోడలకు 1,800 ముక్కోణపు అద్దాలు బిగించారు. వాటిలో ఏ రెండూ ఒకలా ఉండవట!

ఇంజినీరింగ్ ఇష్టమున్నవాళ్లకు ఇంకో తమాషా. అంతస్తుల మధ్య అడ్డుగోడలు లేని ఇలాంటి చోట మంటలు రేగితే పొగ భవనమంతా పాకుతుంది కదా? అందుకే 144 గొట్టాల్లోంచి గాలిని వదిలి, నడి హాల్లో ఓ సుడిగాలిని పుట్టించే ఏర్పాటు చేశారు. అది పొగనంతా లాగేసి పైకప్పులోంచి బయటికి పంపేస్తుంది. 34 మీటర్లకు పైగా లేచే ఈ కృత్రిమ సుడిగాలి గిన్నిస్ రికార్డుల్లోకీ ఎక్కింది.

మందుల షాపులో పెట్రోలు

గుర్రం దాటగానే ఆటోమొబైల్ పుట్టిన రోజులొస్తాయి. మూడు చక్రాల బండి, సైకిలు చక్రాల్లాంటి సన్నటి చక్రాలు, సీటు వెనక అడ్డంగా పడుకున్న పెద్ద ఫ్లైవీలు. కార్ల్ బెంజ్ దీనికి 1886 జనవరి 29న పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఇంజిను 954 సీసీ, శక్తి ముప్పావు హార్స్‌పవర్, వేగం గంటకు 16 కిలోమీటర్లు. లెక్కలు చూసి నవ్వొస్తుంది. కానీ కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కువసేపు నిలబడాల్సింది ఇక్కడే. ఇంజిను, ఇగ్నిషన్, కూలింగ్, డిఫరెన్షియల్... ఈ రోజు మన వీధిలో తిరిగే పెట్రోలు కారుకు ఉన్నవన్నీ ఏదో ఒక రూపంలో ఆ చిన్న చట్రంలో ఉన్నాయి. (బెంజ్ చేసిన మొట్టమొదటి అసలు బండి కోసం వెతికితే మాత్రం ఇక్కడ దొరకదు. దాన్ని 1906లోనే మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియానికి ఇచ్చేశారు.)

బండి తయారైంది గానీ కొనేవాడేడీ? పొగలు కక్కుతూ చప్పుడు చేసే ఆ యంత్రాన్ని చూసి జనం జడుసుకున్నారు. బెంజ్‌కు పనితనం ఉందిగానీ, అమ్ముకునే నేర్పు తక్కువ. అప్పుడు రంగంలోకి దిగింది ఆయన భార్య బెర్తా. పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము తెచ్చి ఆయన వర్క్‌షాపును నిలబెట్టిన మనిషి ఆమె. 1888 ఆగస్టులో ఓ ఉదయం, భర్తకు మాటమాత్రం చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దూరం సుమారు 106 కిలోమీటర్లు. అంతకు ముందు మోటారు బండ్లు నాలుగు వీధులు తిరిగి ఇంటికొచ్చేసేవి, అంతే.

దారిలో ఇంధనం అయిపోయింది. పెట్రోలు బంకులు ఎక్కడివి? వీస్‌లోహ్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి, మరకలు వదిలించుకోవడానికి వాడే లిగ్రోయిన్ అనే ద్రావకం కొని ట్యాంకులో పోసింది. ప్రపంచంలో తొలి పెట్రోలు బంకు మాదేనని ఆ షాపు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో గుచ్చి బాగుచేసింది. బ్రేకు చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు కొట్టించింది. ఎత్తు వచ్చిన చోటల్లా పిల్లలు దిగి తోశారు. చీకటి పడే వేళకు పుట్టింటికి చేరి, భర్తకు టెలిగ్రాం కొట్టింది. ఎత్తులెక్కలేకపోతోందన్న ఆ ఫిర్యాదుతోనే బెంజ్ తర్వాత బండికి మరో గేరు చేర్చాడు.

ప్రపంచంలో తొలి దూరప్రయాణం, తొలి రోడ్డు టెస్టు, తొలి ప్రచార యాత్ర... మూడూ 39 ఏళ్ల ఓ ఇల్లాలి ఖాతాలోనివే. పేటెంటు మీద మాత్రం భర్త పేరొక్కటే ఉంది. మ్యూజియం ఆమె కథను ముచ్చటగానే చెబుతుంది. 2008లో ఆమె వెళ్లిన దారికి బెర్తా బెంజ్ స్మారక మార్గంగా అధికారిక గుర్తింపూ వచ్చింది. కానీ బ్రాండు పేరులో ఉన్న ఆడపిల్ల బెర్తా కాదు. ఆ కథ ఒక అంతస్తు కింద ఉంది.

దానికి ముందు గాట్లీబ్ డైమ్లర్ సంగతి. బెంజ్ మాన్‌హైమ్‌లో మూడు చక్రాల బండి చేస్తున్న రోజుల్లోనే, వంద కిలోమీటర్ల దూరంలోని కాన్‌స్టాట్‌లో డైమ్లర్, ఆయన సహచరుడు విల్‌హెల్మ్ మేబాక్ ఇంటి తోటలో ఉన్న గ్రీన్‌హౌస్‌లో తలుపులేసుకుని ఇంజిన్లు చేస్తున్నారు. రాత్రింబవళ్లు చప్పుళ్లు రావడంతో తోటమాలికి అనుమానమొచ్చి, దొంగ నాణేలు ముద్రిస్తున్నారేమోనని పోలీసులకు చెప్పాడట. వాళ్లొచ్చి చూస్తే ఇనుప సామాన్లు తప్ప ఏమీ లేవు! డైమ్లర్, బెంజ్ ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదంటారు. ఇద్దరి కంపెనీలూ ఒకటైంది 1926లో. అప్పటికి డైమ్లర్ పోయి 26 ఏళ్లు.

ఇక మెర్సిడెస్. ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఉండే ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి డైమ్లర్ కార్లు కొని శ్రీమంతులకు అమ్మేవాడు. వేగం పిచ్చి. పందేల్లో తన కూతురు పేరు పెట్టుకుని పాల్గొనేవాడు. 1900లో ఒకేసారి 36 కార్లకు ఆర్డరిచ్చి, వాటికి తన కూతురి పేరు పెట్టాలన్నాడు. ఆ పాపే మెర్సిడెస్, అప్పటికి పదేళ్లు. మేబాక్ రూపొందించిన ఆ 35 హార్స్‌పవర్ కారు 1901 మార్చిలో నీస్ పందేలను ఊడ్చేసింది. గుర్రబ్బండి పోలికలు వదిలించుకుని పొడవుగా, నేలకు దగ్గరగా, ముందు తేనెపట్టు లాంటి రేడియేటర్‌తో ‘ఇదీ కారంటే’ అనిపించే బండి అది. యెల్లినెక్ 1903లో తన ఇంటిపేరుకూ మెర్సిడెస్ తగిలించుకున్నాడు. కూతురి పేరును తండ్రి పెట్టుకోవడం అరుదైన సంగతే.

రంగు గీకిన కథ

ఎవరి మ్యూజియంలో వాళ్ల గొప్పలే ఉంటాయి. అది సహజం. ఇక్కడి వస్తువులు నిజం, కొలతలు నిజం. ఏ సంగతి మీద ఎంత వెలుగు పడాలో నిర్ణయించేది మాత్రం కంపెనీయే. 1914 నుంచి 1945 దాకా సాగే గదిలో ఆ సంగతి బాగా తెలుస్తుంది. 1936లో వచ్చిన 260 డి ఇక్కడుంది. డీజిలు ఇంజినుతో వరస ఉత్పత్తికి వచ్చిన తొలి కార్లలో అదొకటి. ట్యాక్సీవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పక్కనే సూపర్‌చార్జర్ల స్పోర్ట్స్ కార్లు, పొడవాటి బానెట్లు, మెరిసే పైపులు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చట్రం కిందికి తొంగిచూసేది ఇలాంటి చోటే.

అవే ఏళ్లు హిట్లర్ ఏళ్లు కూడా. డైమ్లర్-బెంజ్ యుద్ధానికి ట్రక్కులు, విమానాల ఇంజిన్లు తయారుచేసింది. 1944 నాటికి కంపెనీలో ఉన్న 63,610 మందిలో దాదాపు సగం మంది బలవంతంగా పనిలోకి తెచ్చినవాళ్లు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తరలించినవాళ్లు. ఇది బయటివాళ్ల ఆరోపణ కాదు, కంపెనీయే ఒప్పుకున్న లెక్క. 1980ల్లో చరిత్రకారులకు పాత దస్త్రాలు తెరిచింది. 1988లో బాధితుల సహాయానికి 2 కోట్ల మార్కులిచ్చింది. మరుసటి ఏడాది వాళ్ల స్మృతికి బెర్న్‌హార్డ్ హైలిగర్ చెక్కిన శిల్పాన్ని నిలిపింది. మ్యూజియంలోనూ ఈ ప్రస్తావన ఉంది. కాకపోతే క్రోమియం మెరుపుల నుంచి చూపు తిప్పుకుని, ఆగి చదవాలి. వాలుదారి వెంబడి గోడల మీద ఆయా కాలాల ఫొటోలు, సంఘటనలు వరసగా ఉంటాయి. చాలామంది వాటిని దాటుకుంటూ తర్వాతి కారు దగ్గరకు వెళ్లిపోతారు. బండ్ల మధ్య వెచ్చించిన ప్రతి పది నిమిషాలకు రెండు నిమిషాలైనా ఆ గోడకు ఇవ్వడం న్యాయం.

‘వెండి బాణాల’ ముచ్చట కూడా ఆ కాలానిదే. రేసు కార్లన్నిటినీ దిగువన ఒక హాల్లో, వాలుగా ఉన్న ట్రాకు మలుపు మీద ఒకదాని వెనక ఒకటి దూసుకెళ్తున్నట్టు నిలబెట్టారు. ఆ హాల్లోకి అడుగుపెట్టగానే ఒళ్లు జలదరించకపోతే ఆ మనిషికి కార్ల పిచ్చి లేనట్టే! 1934లో నూర్‌బర్గ్‌రింగ్ పందెం ముందురోజు కారు బరువు 750 కిలోల పరిమితిని ఓ కిలో దాటిందనీ, రాత్రంతా కూర్చుని తెల్లరంగు గీకేస్తే కింద అల్యూమినియం వెండిలా మెరిసిందనీ, అలా ఆ పేరొచ్చిందనీ ప్రసిద్ధ కథ. జట్టు మేనేజర్ ఆల్‌ఫ్రెడ్ నాయ్‌బావర్ తన జ్ఞాపకాల్లో చెప్పిన కథ ఇది. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే ఆ పందెానికి అసలు 750 కిలోల నిబంధనే లేదని కొందరు చరిత్రకారులు పట్టుకున్నారు. ఆ బండ్ల వెనక నాజీ ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము ఉందన్నది మాత్రం కట్టుకథ కాదు.

1938 జనవరి 28న ఫ్రాంక్‌ఫర్ట్, డార్మ్‌స్టాట్‌ల మధ్య హైవే మీద రుడాల్ఫ్ కారాచియోలా గంటకు 432.7 కిలోమీటర్ల వేగం అందుకున్న కారు ఈ మ్యూజియంలోనే ఉంది. మామూలు రోడ్డు మీద ఆ రికార్డును 2017 దాకా ఎవరూ కొట్టలేకపోయారు. అదే రోజు, అదే రోడ్డు మీద ఆ రికార్డు దాటబోయి ఆటో యూనియన్ డ్రైవరు బెర్న్డ్ రోజ్‌మేయర్ ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

డయానా కారు, మన లారీ

రకాల వారీ గదులు కాస్త తేలికగా ఊపిరి పీల్చుకునేవి. పగటి వెలుతురు ధారాళంగా పడుతుంది. ప్రముఖుల గదిలో జనం ఎక్కువ. జపాన్ చక్రవర్తి హిరోహితో వాడిన కొండంత ‘770’, పోప్ రెండో జాన్‌పాల్ కోసం 1980లో వెనక అద్దాల గూడు కట్టిన జీపులాంటి బండి, బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కారు. యువరాణి డయానా నడిపిన ఎర్రటి 500 ఎస్ఎల్ కూడా ఉంది. బ్రిటిష్ రాజకుటుంబంలో మనిషి జర్మనీ కారు నడపడమేమిటని అక్కడ గోల చేస్తే, ఆమె కొన్నాళ్లకే దాన్ని వెనక్కిచ్చేశారు. ఫొటోలు దిగేవాళ్ల రద్దీ అక్కడే ఉంటుంది కాబట్టి త్వరగా చూసుకుని బయటపడటం మేలు.

సరకు బండ్లు, బస్సుల దగ్గర అంత తోపులాట ఉండదు. తెలుగువాళ్లకు మాత్రం బంధుత్వం కలిసేది అక్కడే. 1954లో టాటాల టెల్కో కంపెనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది. 1969 దాకా అవి ‘టాటా మెర్సిడెస్ బెంజ్’ పేరుతో, ముక్కు మీద మూడు కోణాల నక్షత్రంతోనే తిరిగాయి. ధాన్యం, పొగాకు, మిరప బస్తాలు మోసిన తరం డ్రైవర్లకు బెంజి అంటే కారు కాదు, లారీ! మన దేశంలో మెర్సిడెస్ కార్లు తయారవడం పుణెలో 1995లో గానీ మొదలుకాలేదు. మరుసటి ఏడాదే బెంగళూరులో పరిశోధన కేంద్రం తెరిచారు. ఇంకో విశేషం, 2021 డిసెంబరులో ట్రక్కుల వ్యాపారం వేరే కంపెనీగా విడిపోయింది. అన్నదమ్ములు వేరుపడ్డా దేవుడి గదిలో పటాలు కలిసే ఉన్నట్టు, మ్యూజియంలో మాత్రం కార్లూ లారీలూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

హంగు లేని ఇంకో గది, భద్రతది. బేలా బారెన్యీ అనే ఇంజినీరు పేరు మనలో ఎంతమంది విన్నారు? కారు ఎంత గట్టిగా ఉంటే అంత క్షేమమని లోకమంతా నమ్మే రోజుల్లో ‘ముందు భాగం, వెనక భాగం నలిగిపోవాలి, మనుషులుండే మధ్య భాగమే గట్టిగా ఉండాలి’ అన్నదాయన ఆలోచన. దానికి 1951లో పేటెంటు అడిగారు. 1959లో కార్లలోకి వచ్చింది. ప్రమాదంలో దెబ్బ తాలూకు శక్తిని రేకు మింగేస్తే మనిషి మిగులుతాడు. బంపరు కాస్త తగలగానే ముందు భాగం అప్పడంలా అయిందని తిట్టుకునేవాళ్లు ఒకసారి ఇక్కడ నిలబడి చూడాలి. సడన్ బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 1978లో ఎస్-క్లాస్‌తో వచ్చింది. ఇవాళ మన మధ్యతరగతి కార్లలోనూ ఉన్నది దాని వారసత్వమే.

పదమూడున్నర కోట్ల యూరోలు!

రేసుల హాల్లో అందరి చూపూ పడే ఇంకో బండి, 722 అంకె రాసిన 300 ఎస్ఎల్ఆర్. ఆ అంకెకు ఓ అర్థముంది. ఇటలీలో వెయ్యి మైళ్లు సాగే మిల్లె మిలియా పందెంలో ఎవరు ఏ టైముకు బయల్దేరితే అదే వాళ్ల నంబరు. స్టిర్లింగ్ మాస్ 1955 మే 1న ఉదయం 7 గంటల 22 నిమిషాలకు బయల్దేరాడు. పక్క సీట్లో డెనిస్ జెన్కిన్సన్ అనే పాత్రికేయుడు. ముందే రాసుకున్న మలుపుల వివరాల కాగితం చుట్ట విప్పుతూ, చప్పుడులో మాట వినపడదు కాబట్టి చేతి సైగలతో దారి చెబుతూ పోయాడు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించారు. సగటున గంటకు 157 కిలోమీటర్లకు పైనే. అదీ ఊళ్ల మధ్య నుంచి పోయే మామూలు రోడ్ల మీద!

ఆరు వారాలు తిరక్కుండానే, జూన్ 11న ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో అదే రకం కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల మీద పడింది. నడుపుతున్న పియర్ లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా చనిపోయారు. మోటారు పందేల చరిత్రలో అంతకు మించిన ఘోరం లేదు. ఆ ఏడాది చివరికి కంపెనీ రేసుల నుంచి తప్పుకుంది.

దాంతో రెండు కార్లు పని లేకుండా మిగిలిపోయాయి. తర్వాతి ఏడాది పందేల కోసం 300 ఎస్ఎల్ఆర్ చట్రం మీదే పైకప్పు కట్టి, రెక్కల్లా పైకి లేచే తలుపులు పెట్టిన కూపేలవి. చేయించిన ఇంజినీరు రుడాల్ఫ్ ఉలెన్‌హాట్ పేరే వాటికి స్థిరపడింది. పందెం లేదు కాబట్టి ఆయన ఒకదాన్ని ఆఫీసు పనుల మీద నడుపుకుంటూ తిరిగేవాడు. గంటకు 290 కిలోమీటర్ల దాకా పోగల ఆఫీసు కారు! ప్రపంచం మొత్తమ్మీద ఉన్నవి ఆ రెండే. రెండూ కంపెనీ దగ్గరే ఉన్నాయి, అమ్మే ప్రశ్నే లేదనుకునేవారు అభిమానులంతా.

2022 మే 5న, ఈ మ్యూజియంలోనే, ఎంపిక చేసిన కొద్దిమందిని పిలిచి వాటిలో ఒకదాన్ని వేలం వేశారు. ధర 13.5 కోట్ల యూరోలు. అప్పటి లెక్కన దాదాపు 1,100 కోట్ల రూపాయలు! అంతకు ముందు ఏ కారూ అంత ధర పలకలేదు. వచ్చిన సొమ్ముతో పర్యావరణ రంగంలో చదువులకు, పరిశోధనలకు ఉపకార వేతనాలిచ్చే నిధిని పెట్టారు. ఏ పేద విద్యార్థికో మేలు జరిగితే కాదనేవాళ్లెవరు? కానీ కార్ల పిచ్చి ఉన్నవాళ్ల బాధ వేరు. మ్యూజియంలో ఉన్నంతకాలం అది టికెట్టు కొన్న ప్రతివాడిదీ. విశాఖ నుంచి వెళ్లిన విద్యార్థి అయినా, అరబ్బు షేకు అయినా దాని ముందు నిలబడేది ఒకే దూరంలో. ఇప్పుడది ఒక ఇంటి గ్యారేజీ సొత్తు. ప్రత్యేక సందర్భాల్లో జనానికి చూపించడానికి కొన్నాయన ఒప్పుకున్నాడని కంపెనీ చెప్పింది. ఆ సందర్భాలెప్పుడో ఎదురుచూడాలి, అంతే. రెండో కారు మాత్రం తమ వద్దే ఉంటుందనీ, మ్యూజియంలో కనిపిస్తూనే ఉంటుందనీ మాటిచ్చింది. కొన్ని బండ్లు ప్రదర్శనల కోసం బయటికి వెళ్లి వస్తుంటాయి కాబట్టి, దాని కోసమే వెళ్లేవాళ్లు ముందుగా కనుక్కుని వెళ్లడం మంచిది.

సోమవారం మ్యూజియానికి సెలవు. రెండు గంటల్లో చుట్టేయొచ్చంటారు గానీ, బానెట్ కింద ఏముందో తెలుసుకోవాలనే వాళ్లకు రోజంతా పడుతుంది. అదే నగరంలో 2009లో తెరిచిన పోర్షె మ్యూజియం కూడా ఉంది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ సరిగా చూడలేరు. దానికన్నా సాయంత్రం పూట కాన్‌స్టాట్ పార్కు దగ్గరకు వెళ్లడం నయం. పోలీసులు దొంగ నాణేల కోసం వెతికిన డైమ్లర్ గ్రీన్‌హౌస్ ఇప్పటికీ అక్కడే ఉంది. అదీ ఓ చిన్న మ్యూజియమే. లోపల తిరగడానికి లిఫ్టు అక్కర్లేదు.